చిగురు, కేరాఫ్ దవడ ఎముక

పంటి చిగురు వాచి నెత్తురు కారుతోందని మా ఆయన పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. కాలేయంలో పుట్టిన క్యాన్సరు చిగురుకు పాకిందని జవాబు వచ్చింది. దారిలో ఊపిరితిత్తుల్నీ ఎముకల్నీ వదిలేసి నేరుగా నోట్లో దిగిందట! మోకాలికీ బోడిగుండుకూ ముడిపెట్టడమంటే ఇదేనేమో అనుకున్నాను.

కాలేయం డాక్టరు మాత్రలు రాసి, సోమవారంలోపు మొదలుపెట్టాలన్నాడు. ఆ రోజు శుక్రవారం. ఉచిత మందుల మంజూరు గదికి పరుగెత్తాం.

"ఎక్కడికి పాకింది?" గుమస్తా కంప్యూటరు మీంచి కళ్ళెత్తలేదు.

"చిగురుకి."

"చిగురు లేదమ్మా. ఊపిరితిత్తులు, ఎముక, గ్రంథులు. మూడే ఉన్నాయి."

"లేకపోవడమేంటి బాబూ?"

మా ఆయన నోరు తెరిచాడు. గుమస్తా తొంగిచూశాడు.

"నోట్లో ఉంది, ఇందులో లేదు. ఓ పని చెయ్యండి, ఊపిరితిత్తులకి వచ్చాక రండి. అప్పుడు అరగంటలో అయిపోతుంది."

"ఏది, పనా? మనిషా?" అని అరిచాను. ఒళ్ళు మండిపోయింది.

మా ఆయన నా చెయ్యి పట్టి ఆపాడు. ముప్పై నాలుగేళ్ళు ఉత్తరాలు పంచిన మనిషి. ఇంటి నంబరు లేదని ఒక్క ఉత్తరమూ వెనక్కి పంపలేదు. పక్కింటివాళ్ళ పేరు పెన్సిలుతో రాసుకుని మరీ చేర్చేవాడు. ఇప్పుడూ జేబులోంచి పెన్సిలు తీసి, దరఖాస్తు మీద గుండ్రంగా రాశాడు: 'చిగురు, కేరాఫ్ దవడ ఎముక.'

గుమస్తా రెండుసార్లు చదివాడు. మొహం విప్పారింది.

"పూర్తి చిరునామా ముందే చెప్పొద్దా అండీ!" అని కంప్యూటరులో 'ఎముక' మీద నొక్కాడు. మంజూరైపోయింది.

మాత్రల డబ్బాతో ఆస్పత్రి మెట్ల మీదే కూలబడ్డాం. మొదటి మాత్ర మింగి, నీళ్ళ సీసా నాకిచ్చాడు.

"చేరుతుందంటావా?" అన్నాడు.

ఇన్నేళ్ళూ ఆ ప్రశ్న వీధుల్లో ఉత్తరాలు చేతికిస్తూ అందరూ ఆయన్ని అడిగేవారు. అందరికీ ఒకటే జవాబు చెప్పేవాడు. అందులో ఎన్నిసార్లు చేరుతుందో లేదో తెలియకుండానే చెప్పాడో మా ఇద్దరికీ తెలుసు.

"తప్పకుండా చేరుతుంది," అన్నాను.