తువ్వాలు కింద చేయి

నేను ఒక కుడి చేతిని. సరుకు ముందు చెప్పి తర్వాత మాట్లాడటం నా అలవాటు. భుజం వెనక రెక్క ఎముక ఒకటి, మెడ కింద అడ్డంగా ఉండే జత్రుక ఒకటి, పై చేతిలో హ్యూమరస్ ఒకటి, ముంజేతిలో రెండు, మణికట్టులో ఎనిమిది, అరచేతిలో అయిదు, వేళ్లలో పద్నాలుగు. వెరసి ముప్పై రెండు ఎముకలు. వాటి మీద కండ, నరం, తోలు, ఒక వేలికి రాగి ఉంగరం. ఈ పెట్టుబడితో మొదలయ్యాను.

అప్పట్లో ఎడ్ల సంతలో ఒక దళారి భుజానికి వేలాడేదాన్ని. ఆ సంతలో ధర నోటితో చెప్పరు. ఇద్దరి చేతుల మీద తువ్వాలు కప్పుతారు. లోపల ఎన్ని వేళ్లు పట్టి నొక్కితే అంత ధర. చుట్టూ మూగిన వాళ్లకు తువ్వాలు కదలడం తప్ప ఏమీ కనబడదు. ఆ గుడ్డ కింద చాలామంది చేతుల్ని చూశాను. నాకేం తొందర లేదని నవ్వేవాడి బొటనవేలు చెమటతో జారిపోయేది. కళ్లు ఎంత తేలిగ్గా మోసపోతాయో, వేళ్లు ఎంత కష్టంగా మోసపోతాయో అక్కడే నేర్చుకున్నాను.

"నా చెయ్యి కదిలితేనే సంత కదిలిద్ది," అనేవాడు దళారి. పెద్దాసుపత్రిలో అతను పోయినప్పుడు ఆ సంతలోంచి ఒక్కడూ కదల్లేదు. అడిగేవాళ్లు లేక శవం వైద్య కళాశాలకు చేరింది. ఉంగరం దారిలోనే ఎవడో కాజేశాడు. కండ మీద కుర్రాళ్లు కత్తులు నేర్చుకున్నారు. ఆ తర్వాత ఉడకబెట్టి, ఆరబెట్టి, వేళ్లను తీగతో గుచ్చి ఒక గుడ్డసంచిలో వేశారు. చనిపోయాక నాకు మొదటిసారి సొంత ఇల్లు దొరికింది.

నన్ను మొదట తీసుకున్నవాడు కరుణాకర్. క్లాసులో ఫస్టు. కండరం మొదలయ్యే చోట ఎర్రరంగు, అతుక్కునే చోట నీలిరంగు పూసి చదువుకోవడం వీళ్ల ఆచారం. అతను చెల్లెలి గోళ్లరంగు సీసాలు తెచ్చి కూర్చున్నాడు. నా హ్యూమరస్ పైభాగంలో, ముందువైపు ఒక గాడి ఉంది. ఆ గాడికి లోపలివైపు ఒక గట్టు, బయటివైపు ఒక గట్టు. ఛాతీ నుంచి వచ్చే పెద్ద కండరం గాడి మీదుగా దాటి బయటి గట్టును పట్టుకుంటుంది. చంక వెనక నుంచి వచ్చే టెరిస్ మేజర్ అనే కండరం లోపలి గట్టును పట్టుకుంటుంది. కరుణాకర్ పుస్తకం తెరవలేదు. ఛాతీకి దగ్గరున్నది లోపలి గట్టే కదా అనుకుని, రెండు పేర్లూ తారుమారుగా రాసి నీలిరంగు వేసేశాడు. తెలివైనవాడికి చూసుకోవలసిన అవసరం ఉండదు మరి.

ఆ తప్పు తర్వాత అతనికి తెలిసే ఉంటుంది, ఆ కళాశాలలోనే అనాటమీ ప్రొఫెసర్ అయ్యాడు కాబట్టి. నన్ను అప్పటికే బిర్యానీ తినిపించిన జూనియర్‌కు అంటగట్టేశాడు. ఆ జూనియర్ ఇంకొకడికి. ఒకడు నా జత్రుకతో వీపు గోక్కున్నాడు. ఒకడు రెక్క ఎముకలో వేరుశనక్కాయల తొక్కలు పోశాడు. మణికట్టులోని బఠాణీ అంత ఎముకను ఎవడో క్యారమ్స్ బోర్డు మీద పోగొట్టాడు. కాబోయే వైద్యులు! చేతులు మారిన ప్రతిసారీ ఒకటే ప్రకటన: "కరుణాకర్ సార్ స్వయంగా వేసిన పెయింట్ రా, కళ్లు మూసుకుని చదివెయ్." నిజంగా కళ్లు మూసుకుని ఉంటే బాగుపడేవాళ్లు.

అలా నీలవేణికి చేరాను. ఆ పిల్ల నా రంగులన్నీ భక్తిగా బట్టీపట్టి వైవా అనే నోటి పరీక్షకు వెళ్లింది. ఛాతీ కండరం ఎక్కడ అతుక్కుంటుందని కరుణాకర్ అడిగాడు. లోపలి గట్టు అంది. "ఏ వెధవ నేర్పాడమ్మా నీకు?" అని కసిరి, తప్పించాడు. ఇంకో అవకాశం సప్లిమెంటరీ. అదీ పోతే స్నేహితులంతా పై ఏడాదికి వెళ్తారు, ఆమె కొత్తవాళ్ల పక్కన కూర్చోవాలి.

గదికొచ్చి నన్ను మంచం మీద విసిరికొట్టింది. ఆమె గదిలో ఉండే హసీనా తీసి చూసింది. హసీనా తండ్రి ఎడ్ల దళారి.

"నువ్వు ఎముక చదవలేదే, రంగు చదివావు. ఇట్టా రా," అని నా మీద చున్నీ కప్పింది. "చెయ్యి లోపల పెట్టు. చూడమాక. మా నాయన సంతలో ఇట్టనే బేరం చేస్తాడు."

"నాకు పరీక్ష ఉందే తల్లీ, ఎద్దును కొనటం లేదు."

"కొనే మొహం కూడా కాదులే నీది. ఇది ఏ చెయ్యి?"

నీలవేణి వేళ్లు తడబడ్డాయి, చెమట పట్టాయి. నాకు పాత సంత గుర్తొచ్చింది. "ఎముక తల లోపలికి, వెనక్కి చూస్తంది... గాడి ముందుంది. కుడిది."

"ఆ గాడికి రెండు గట్లు. ఛాతీది ఏ గట్టుకు పోద్ది?"

"లోపలి... అబ్బా, అదే కదా వచ్చిన గొడవ!"

"నీ ఒంటినే అడగరాదూ? నడుం మీద చెయ్యి పెట్టి గట్టిగా నొక్కు. చంక ముందు మడత బిగిసిందా? రెండో చేత్తో దాని వెంటే పో."

నీలవేణి వేలు మడత వెంట వెళ్లింది. భుజం కండ కిందకు, పై చేతి బయటివైపుకు. "ఇది గాడి దాటి పోతందే! బయటి గట్టుకే!"

మర్నాడు డిసెక్షన్ హాల్లో శవం మీద ఆ కండరం కింద వేలు పెట్టి చూసి, నిర్ధారించుకుని వచ్చింది. ఆ పూటే బ్లేడుతో నా రంగంతా గీకేసింది. పరీక్ష వరకు ఇద్దరూ చున్నీ కిందే చదివారు.

సప్లిమెంటరీ రోజు ఆమె గదిలోకి రాగానే హసీనా లేచి నిలబడింది. "ఏమైందే? చెప్పి చావు."

"మళ్లీ ఆయనే. ఎముక చేతిలో పెట్టాడు. కళ్లు మూసుకున్నా. నిద్రపోతున్నావా అన్నాడు. మళ్లీ అదే గాడి అడిగాడు. చెప్పా. ఇప్పుడెవరు నేర్పారమ్మా అన్నాడు."

"నా పేరు చెప్పావా?"

"పోయినసారి నేర్పిన ఎముకే సార్, మీ పెయింట్ గీకాను అన్నా."

"నీ మొహం మండా! అంతమాట అన్నావా?"

"నీలిరంగా అన్నాడు. అవును సార్ అన్నా. ఇంక పో, పాసయ్యావు అన్నాడు. తల మాత్రం ఎత్తలేదే."

మొన్న నన్ను ఒక జూనియర్‌కు ఇచ్చారు. వాడు సంచి విప్పి, తిప్పి తిప్పి చూసి, "పెయింట్ లేదేంటక్కా?" అని మొహం మాడ్చాడు. సాయంత్రానికి రెండు గోళ్లరంగు సీసాలు తెచ్చాడు. మూతలు తీస్తున్న చప్పుడు వినబడుతోంది. పుస్తకం తెరుస్తున్న చప్పుడు మాత్రం లేదు.

సరే, లెక్క తేల్చేద్దాం. పోయినవి కండ, తోలు, ఉంగరం, దళారి గొప్పలు, మణికట్టులో ఒక ఎముక. చేతిలో ఉన్నవి ముప్పై ఒకటి. ఇన్నేళ్లలో నన్ను పట్టుకున్నవాళ్లు ఎందరో. నన్ను తడిమి తెలుసుకున్నవాళ్లు ఇద్దరు ఆడపిల్లలు. ఒకతెకు ముందే తెలుసు కాబట్టి ఆమెను లాభంలో వేసుకోను. నికరంగా మిగిలింది ఒక్కతె. ఖాళీ తువ్వాలు దులుపుకుని ఇంటికెళ్లిన సంతరోజులు నాకు చాలా ఉన్నాయి. ఒకటంటే మంచి బేరమే.