నాలుగు వందల నంబరు లైను

1994 మే 11, బుధవారం. ఉదయం అయిదు ముప్పావుకు, శామీర్‌పేట నుంచి మేడ్చల్ వెళ్లే రోడ్డు పక్కనున్న ఒక కోళ్ల ఫారంలో ముత్తమ్మ మూడో షెడ్డు తలుపు తీసింది. కోడిపిల్లలు చచ్చి ఉన్నాయి. లెక్క పెడితే 640. బతికినవి నీళ్ల డబ్బాల మీద ఒకదానిపై ఒకటి ఎక్కి ఉన్నాయి. డబ్బాల్లో నీళ్లు లేవు.

ఆ షెడ్డులో మూడు వారాల పిల్లలు 2,400. వాటికి నీళ్లు, మేత పెట్టడం ముత్తమ్మ పని. దాణా కలిపేది ఆమె భర్త బాలనర్సయ్య. ఇద్దరూ పదకొండేళ్లుగా ఫారం గేటు పక్క గదిలో ఉంటున్నారు. వాళ్లకు వేరే ఇల్లు లేదు.

ఫారం యజమాని బుల్లిబాబు అల్వాల్‌లో ఉంటాడు. ఫారం చూసుకునేది ఆయన బావమరిది హేమచంద్. బందరు నుంచి వచ్చాడు. లెక్కల్లో బీఎస్సీ చదివాడు.

హేమచంద్ ఆ జనవరిలో ఒక జేబు కంప్యూటర్ కొన్నాడు. మక్కల ధర, నూనెగింజల చెక్క ధర, తౌడు ధర వారానికోసారి మారుతుంటాయి. ఏది ఎంత కలిపితే దాణా తక్కువలో పడుతుందో కాగితం మీద తేల్చడానికి ఒక పూట పట్టేది. దానికి ఆయన నోటు పుస్తకంలో ఒక ప్రోగ్రాం రాసుకున్నాడు. అరవై ఒక్క లైన్లు.

సికింద్రాబాదు దుకాణంలో రెండు యంత్రాలు చూపించారు.

"ఇది ఎనిమిది కె.బి., మూడు వేల రెండొందలు. ఇది ఒక కె.బి., పదహారొందలు," అన్నాడు దుకాణదారు.

"నాది అరవై ఒక్క లైన్లు. చిన్నదాంట్లో పడుతుందా?"

"బీరువా చిన్నదైతే చీరలు తగ్గించుకోవాల సార్."

బయల్దేరేటప్పుడు బుల్లిబాబు ఒక మాట చెప్పి పంపాడు. "రెండు వేలు దాటిందంటే నువ్వు కొనుక్కోవాల్సింది కంప్యూటర్ కాదురా, బందరు టికెట్టు." హేమచంద్ చిన్నది కొన్నాడు.

ప్రోగ్రాం ఎక్కిస్తుంటే నలభై ఏడో లైను దగ్గర చోటు అయిపోయింది. సరుకుల పేర్లు తీసేశాడు. చాలలేదు. ప్రోగ్రాంలో లైన్లకు పది, ఇరవై, ముప్పై అని నంబర్లుంటాయి. నాలుగు వందల నంబరు లైను దగ్గర యంత్రం ఆగి, దాణాలో కలిపే ఎండు చేపలో ఉప్పు శాతం ఎంత అని అడగాలి. చేపలో ఎక్కువుంటే విడిగా కలిపే ఉప్పు తగ్గించాలి, మరీ ఎక్కువైతే చేపే వద్దనాలి. ఆ లైను, దాని కింది నాలుగు లైన్లు కొట్టేసి, ఆ చోట రెండు అనే అంకె వేశాడు. అప్పటిదాకా ఫారానికి వచ్చిన చేపలో ఉప్పు రెండు శాతమే. ప్రోగ్రాం పట్టింది.

అంతకుముందు ఆ పని బాలనర్సయ్య నాలుకది. చేప వచ్చిన ప్రతిసారీ చిటికెడు పొడి నాలుక మీద వేసుకునేవాడు. ఉప్పగా తగిలితే ఉప్పు బస్తా విప్పేవాడు కాదు. జనవరి నుంచి యంత్రం లెక్క చూసి హేమచంద్ రాసిచ్చే చీటీ వచ్చింది. చీటీలో ఎంతుంటే అంత.

మే 9, సోమవారం, కొత్త వ్యాపారి దగ్గర నుంచి చేప వచ్చింది. బాలనర్సయ్య నోట్లో వేసుకుని ఉమ్మేశాడు.

"సారూ, గీ చేప మస్తు ఉప్పున్నది. వాపస్ పంపుండ్రి."

"బందరోడికి చేప సంగతి చెబుతున్నావా?"

"నేనేడ జెప్తున్న సారూ, నాలుక జెప్తాంది."

"నీ నాలుక కల్లు తాగొచ్చింది. ఇది తాగదు." హేమచంద్ జేబు తట్టాడు. "చీటీలో ఏముంది?"

"టన్నుకు చేప నూరు కిలోలు, ఉప్పు మూడు."

"అదే వెయ్యి."

బాలనర్సయ్య వేశాడు.

మంగళవారం ఆ దాణా మూడో షెడ్డుకు వెళ్లింది. మిగతా షెడ్లలో పాత దాణా ఇంకా ఉంది. బోరు ఏప్రిల్‌లోనే ఎండిపోయింది. రోజుకొక ట్యాంకరు వస్తోంది. ముత్తమ్మ ఆ రోజు డబ్బాలు ఆరుసార్లు నింపింది. సాయంత్రానికి తొట్టి అడుగంటింది. ఆమె హేమచంద్ దగ్గరికి వెళ్లింది.

"పిల్లలు నీళ్లకు ఎగబడుతున్నయి సారూ. ఇంకో ట్యాంకర్ పిలువుండ్రి."

"ఎండలకి అలాగే తాగుతాయి. రేపు చూద్దాం."

బుధవారం తొమ్మిదింటికి బుల్లిబాబు స్కూటరు మీద వచ్చాడు.

"రాత్రి నీళ్లు పెట్టకుండా పడుకున్నావు కదూ?"

"ఆరుసార్లు పెట్టిన సారూ. నీళ్లు ఒడిసినయి. చిన్నసారుకు జెప్పిన."

బుల్లిబాబు హేమచంద్ వైపు తిరిగాడు. "చెప్పిందిరా?"

"నాకేం చెప్పలేదు బావా."

బాలనర్సయ్య దాణా బస్తాలో చెయ్యి పెట్టి పిడికెడు తీశాడు. "నీళ్లు గాదు సారూ, ఉప్పు. జర నోట్లేసుకొని చూడుండ్రి."

"పెళ్లాం తప్పు దాణా మీదికి నెడతావేంటి? అది కంప్యూటర్ లెక్క," అన్నాడు బుల్లిబాబు.

చాచిన చెయ్యి ఆయన ముట్టలేదు. బాలనర్సయ్య ఆ పిడికెడు తనే నోట్లో వేసుకుని, నమిలి, మింగాడు.

పదకొండింటికి పశువైద్యుడు కృష్ణారావు వచ్చి అయిదు పిల్లలను కోసి చూశాడు. పొట్టలో నీరు, ఉబ్బిన మూత్రపిండాలు. "ఉప్పు అనుమానం. రిపోర్టు వచ్చేదాకా ఈ దాణా ఆపండి," అని, పరీక్షకు పంపడానికి రెండు పొట్లాలు కట్టించుకున్నాడు. ఒకటి దాణా, ఒకటి చేప. సాయంత్రానికి చచ్చినవి 1,712. గుంత తవ్వి, సున్నం చల్లి పూడ్చింది బాలనర్సయ్య.

మర్నాడు బుల్లిబాబు గది ఖాళీ చేయమన్నాడు.

"పదకొండేండ్లు సారూ," అంది ముత్తమ్మ. "రిపోర్టు వచ్చేదాక ఆగుండ్రి."

"రిపోర్టు చచ్చినవాటిని లేపుతుందా?"

శనివారం వాళ్లు ఒక ట్రంకు పెట్టె, ఒక మంచం ట్రాలీ ఆటోలో వేసుకుని యాప్రాల్‌లో ముత్తమ్మ చెల్లెలు జంగమ్మ ఇంటికి వెళ్లారు. జూన్ మొదటి వారంలో బాలనర్సయ్య రాళ్ల క్వారీలో కూలికి చేరాడు. గేటు పక్క గదిలోకి సత్తయ్య అనే అతని కుటుంబం వచ్చింది.

రిపోర్టు మే 24న రిజిస్టరు పోస్టులో వచ్చింది. దాణాలో ఉప్పు రెండున్నర శాతం. ఉండాల్సింది అర శాతం. చేపలో ఇరవై రెండు శాతం. పోస్టుమ్యాన్ కాగితం మీద సంతకం హేమచంద్‌ది. రిపోర్టు తనకు చూపించలేదని బుల్లిబాబు తర్వాత అడిగినవాళ్లకు చెప్పాడు.

ఆగస్టు 6న హేమచంద్ అదే దుకాణానికి వెళ్లి, తన జీతం డబ్బుతో ఎనిమిది కె.బి. యంత్రం కొన్నాడు. నోటు పుస్తకంలోని అరవై ఒక్క లైన్లూ అందులో ఎక్కించాడు. నాలుగు వందల నంబరు లైను దగ్గర అది ఆగి, చేపలో ఉప్పు శాతం ఎంత అని అడుగుతుంది.