ముత్యాలప్ప రాసిన ఆడమనిషి

నెలలో మొదటి ఆదివారం ముత్యాలప్ప అన్నం సగమే తినేవాడు. ఇత్తడి చెంబులో నిప్పులు పోసి తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకునేవాడు. నోటుబుక్కు చంకన పెట్టుకుని, మూడు కొట్టకముందే పాతూర్లో ఉండే ఈశ్వరప్ప సైకిలుషాపుకు బయల్దేరేవాడు. వారంలో ఆరు రోజులు ఆయన చెనిక్కాయల నూనెమిల్లులో గుమాస్తా. ఆ ఒక్కరోజు మాత్రం కవి.

సభ జరిగేది సైకిలుషాపు పైన మిద్దెగదిలో. అనంతపురంలో పద్యాలు పాడే సభలు వేరే ఉండేవి. శాలువాల పెద్దలు వాటికి పోయేవాళ్ళు. ఇక్కడ ఛందస్సూ లేదు, శాలువా లేదు. ఒకాయన సైకిలు బెల్లు కొట్టుకుంటా కవిత చదివితే, ఇంకొకాయన జనానికి వీపు పెట్టి చదివేవాడు. బడి అయ్యవారు రామదాసు ఒకసారి అరగంట సేపు ‘ఎండ’ అన్న ఒక్క మాటనే రకరకాలుగా పలికి, చెమట తుడుచుకుని కూచున్నాడు. అందరూ చప్పట్లు కొట్టినారు. సభకు ఒకటే నియమం. కాగితం మీద ఉండేదే చదవాల, ఉండేదంతా చదవాల, గుర్తుండేది చదవగూడదు. ఆ నియమం పెట్టింది ఈశ్వరప్పే. ఎందుకు పెట్టినాడో ఆయనకూ తెలీదు.

పంతొమ్మిది వందల అరవై ఒకటో సంవత్సరం ఎండాకాలంలో ముత్యాలప్ప ఒక కొత్త కవిత ఎత్తుకున్నాడు.

“ఆమె వస్తుంది
ఆమె కళ్ళు తలుపు వెయ్యని రెండిళ్ళు
ఆమె జడ ఎవరూ విప్పి చదవని ఉత్తరం”

అని చదువుతా ఉండగానే, చింతచిగురు రంగు చీర కట్టుకున్న ఆడమనిషి ఒకామె మెట్లెక్కి వచ్చి వాకిట్లో నిలబడింది. “జరగండప్పా, ఆయమ్మ కూచుంటాది” అన్నాడు ఈశ్వరప్ప బెంచీ మీద వాళ్ళతో. ఆమె కూచోలేదు. కవిత అయిపోయి ముత్యాలప్ప నోటుబుక్కు మూసినాక, వచ్చిన దోవనే దిగి పోయింది. మరుసటి నెల ఆయన ఆ కవితకు ఇంకో పేజీ కలిపి చదివినాడు. ఆమె మళ్ళా వచ్చింది. టీ ఇస్తే గ్లాసు పట్టుకునేది గాని తాగేది కాదు. ‘ముత్యాలప్ప కవితలో ఆయమ్మ’ అని అందరూ ఆమెకు అలవాటు పడినారు. వానొచ్చే రోజుల్లో జనం పల్చగా వచ్చినప్పుడు ఈశ్వరప్ప ఆమెను గూడా లెక్కలో కలుపుకునేవాడు.

ముత్యాలప్ప పెండ్లాం ఆంజినమ్మకు ఈ సంగతి నీళ్ళకొళాయి దగ్గర తెలిసింది. ఆంజినమ్మ ధర్మవరంలో మగ్గాల ఇంటి బిడ్డ. పుట్టింటి వాళ్ళు పంపే పట్టుచీరల కొంగులకు కుచ్చులు కట్టడం ఆమె పని.

“నీ మొగుడి కవిత్వంలో ఆయమ్మను మా ఇంటాయన చూసినాడంటమ్మే. శానా అందగత్తె అంట” అంది పక్కింటి చౌడమ్మ.

“చీర అంచు యా రంగంట?” అని అడిగింది ఆంజినమ్మ.

“మొగోళ్ళు అంచు చూస్తారా?”

ఆంజినమ్మ నవ్వింది. కానీ ఆ పొద్దు ఆమె కట్టిన కుచ్చులన్నీ బిగుసుకుపోయినాయి. సాయంత్రం కూచుని ఒక్కొక్కటీ విప్పాల్సి వచ్చింది. ఆమెకు అసూయ కడుపులో పుట్టలేదు, వేళ్ళల్లో పుట్టింది. సంగటి కెలికితే అడుగంటింది. రవికకు గుండీ కుడితే సూది గుచ్చుకుంది. ఆ పక్క మొగుడు వరండాలో కూచుని, జడ మీద ఇంకో పంక్తి రాసుకుంటా కాలు ఊపుతాన్నాడు.

ఆయన మిల్లుకు పోయినాక పెట్టె తీసి నోటుబుక్కు చదివింది. ఆంజినమ్మ నాలుగో తరగతి దాకా చదువుకున్న మనిషి. తొమ్మిది పేజీలు, రెండుసార్లు చదివింది. ఆమె కళ్ళు, ఆమె జడ, ఆమె మెడ, ఆమె నడక. తను యాడా లేదు. తన వంటింటి పొగ గూడా లేదు. పెండ్లయి తొమ్మిదేండ్లు. పేజీకి ఒక సంవత్సరం అనుకుంది, ఇంకా మండింది.

మొగుడు గడ్డం గీసుకునే బ్లేడు తెచ్చి, కళ్ళ పంక్తిని కాగితం చిరగకుండా గీకేసింది. రాసిన చోటల్లా గీకింది. మూడు చోట్ల ఉండాయి.

ఆ ఆదివారం “నేనూ వస్తా” అని మొగుడి వెంట సభకు పోయింది. గోడ వారగా చాప మీద కూచుంది.

ముత్యాలప్ప లేచి చదవడం మొదలుపెట్టి, తెల్లగా ఉన్న చోట ఆగిపోయినాడు. కాగితం మీద లేనిది చదవగూడదు. కింది పంక్తికి పోయినాడు. ఆ మౌనం గొప్పగా ఉందని రామదాసు చప్పట్లు కొట్టినాడు.

అప్పుడు మెట్ల మీద చప్పుడైంది. ఎప్పుడూ చప్పుడు లేకుండా వచ్చే మనిషి, ఈసారి గోడ తడుముకుంటా, ఒక్కొక్క మెట్టే ఎక్కుతా వచ్చింది. కళ్ళు ఉండాల్సిన చోట నున్నగా చర్మం ఉంది.

“కండ్లు యాడ పెట్టినావప్పా ముత్యాలూ?” అన్నాడు ఈశ్వరప్ప.

ముత్యాలప్ప తల తిప్పి పెండ్లాం దిక్కు చూసినాడు.

ఆ కండ్లు లేని మనిషి చేతులు చాపుకుని తడుముకుంటా వచ్చి, ఆంజినమ్మ పక్కనే ఒరుసుకుని నిలబడింది. ఆంజినమ్మ ఆమెను దగ్గరగా చూసింది. చీరకు అంచు లేదు. ఎర్రమట్టి వీధిలో నడిచి వచ్చిన కాళ్ళకు దుమ్ము లేదు. మెడ మీద చెమట లేదు. ఆ పెదాలు ఒక్కసారన్నా మాట కోసం తెరుచుకున్నట్టు లేదు. అసూయ పోలేదు. సిగ్గు గూడా వచ్చి దాని పక్కనే కూచుంది.

ఇంటికి పోయినాక ముత్యాలప్ప నోటుబుక్కు నేలకేసి కొట్టినాడు.

“నా కవిత్వాన్ని గీకుతావా?”

“నా మీద ఒక్క ముక్క రాసినావా తొమ్మిదేండ్లలో?”

“నువ్వు ఇంట్లోనే ఉండావు గదే. రాసేదానికేముండాది?”

ఆ మాటకు ఆంజినమ్మ ఏడవలేదు. నోటుబుక్కు ఏరుకుని దుమ్ము దులిపింది. అది ఆమె పెట్టెలోకి పోయింది. నెల పొడుగునా ముత్యాలప్ప అడిగినాడు, బతిమాలినాడు, రెండురోజులు అన్నం మానేసినాడు. ఆమె ఇవ్వలేదు. ఆ కళ్ళను ఎట్ల ఉన్నవి అట్లే మళ్ళా రాసింది. ఆ పని సిగ్గుతో చేసింది. దాని వెనక ఇంకో పేజీ కలిపింది, అది మాత్రం అసూయతోనే. పేరూ ఊరూ ఉంటే ఎవురైనా ఒకనాటికి తమ ఊరు పోక తప్పదు గదా అని.

మొదటి ఆదివారం మిద్దె మెట్ల దగ్గర నోటుబుక్కు మొగుడి చేతికిచ్చింది.

ముత్యాలప్ప తన తొమ్మిది పేజీలూ చదివినాడు. ఆమె వచ్చింది, కళ్ళతోనే వచ్చింది. ఆయన ఊపిరి పీల్చుకుని పదో పేజీ తిప్పి, పెండ్లాం చేతిరాత చూసి నోటుబుక్కు మూయబోయినాడు.

“చదువప్పా” అన్నాడు ఈశ్వరప్ప. “కాగితం మీద ఉండేదంతా చదవాల.”

ముత్యాలప్ప మిల్లు రశీదు చదివినట్టు చదివినాడు.

“ఈమె పేరు గంగక్క
ఊరు నల్లమాడ
చీరకు రెండు వేళ్ళ వెడల్పు ఎర్రంచు
కాళ్ళు మన్నవుతాయి, ఎండకు చెమట పడతాది
ఆకలైతాది
కోపమొస్తే మొగమ్మీదే అంటాది
ఐదుగంటల బస్సుకు పోవాల”

చింతచిగురు రంగు చీర చుట్టూ ఎర్రంచు పాకింది. ఆమె మెడ తుడుచుకుంది. చేతిలో టీ గటగటా తాగి, గ్లాసు ఈశ్వరప్పకిచ్చి, “ఇంకొంచెం పొయ్యి నాయనా” అంది. అది గూడా తాగినాక ముత్యాలప్ప దిక్కు తిరిగింది.

“ఏమప్పా, సంవత్సరం నుంచి నిలబెట్టి చదువుతాండావు. కాళ్ళు నొప్పి పుడతాయా అని ఒక్కనాడన్నా అడిగినావా?”

ముత్యాలప్ప ఆమె కాళ్ళ దిక్కు చూసినాడు.

“టైమెంతాయ?” అని ఆమె రామదాసును అడిగింది. నాలుగున్నర అన్నాడు. “ఇంగ పోవాల” అని, ఆంజినమ్మ దగ్గరకొచ్చి, “పోయొస్తానక్కా” అని, మెట్లు దిగింది. మెట్ల మీద ఎర్రమట్టి అడుగులు పడినాయి. ఆంజినమ్మ కిటికీలోంచి ఆమె బస్టాండు దోవ పట్టేదాకా చూసింది. పీడ వదిలింది అనుకుంది గాని, ఒంటరిగా బస్సెక్కను పోయే మనిషిని చూస్తే ఆమెకు మళ్ళా వేళ్ళు జివ్వుమన్నాయి. తనెప్పుడూ అట్ల ఎక్కింది లేదు.

“పదో పేజీ ఎవురు రాసినారప్పా?” అన్నాడు ఈశ్వరప్ప. ఆంజినమ్మే “నేను” అంది. మరుసటి నెల కవిత చదివేవాళ్ళ పేర్లుండే సైకిలుషాపు పలక మీద ఆమె పేరు గూడా సుద్దముక్కతో రాసినారు.

గంగక్క పోయిన సాయంత్రం ఇంటికి పోతా పోతా ముత్యాలప్ప మెల్లగా అన్నాడు. “నీ మీద గూడా రాస్తాలే. పొద్దన్నుంచి ఆలోచిస్తాండా.”

“వద్దు” అంది ఆంజినమ్మ. “నా మీద నువ్వు రాయొద్దు. రాసినావంటే నేనూ నీ మీద రాస్తా.”

ముత్యాలప్ప నాలుగడుగులు నడిచి, చెయ్యెత్తి తన చెవులు తడిమి చూసుకున్నాడు.

ఆ కవిత ఆయన ఇంకో మూడు సభల్లో చదివినాడు. ఎవరూ మెట్లెక్కి రాలేదు. పెండ్లాం చదివేరోజున జనం ఎక్కువై మెట్ల మీద గూడా కూచునేవాళ్ళు. అప్పుడు ఆయన కిందికి దిగి, షాపులో సైకిలు చక్రాలు తిప్పుకుంటా నిలబడేవాడు.

రెండేండ్లకు నల్లమాడ నుంచి పసుపు పూసిన శుభలేఖ ఒకటి వచ్చింది, ఆంజినమ్మ పేరు మీద. గంగక్కకు మారెప్ప అనే ఆయనతో పెండ్లి. పెండ్లి పొద్దున గూడా ముత్యాలప్ప దాన్ని మూడుసార్లు చదివినాడు. వెనకకు తిప్పి చూసినాడు.

“ఈ మారెప్ప ఎవుడే? నువ్వు రాసినావా వీన్ని?”

“నేను రాయలేదు” అని, ఆంజినమ్మ నల్లమాడ బస్సుకు టైమైతాందని చీర మార్చుకోను లోపలికి పోయింది.