దిద్దిన పాట

పెళ్లిపాటలో ‘నేను’ అన్నది ఎప్పుడూ పెళ్లికూతురేనని మన ఇళ్లలో గట్టి నమ్మకం. వస్తాను, ఊడుస్తాను, ఓర్చుకుంటాను అని ఎవరైనా పాడితే అది ఆడదే అయి ఉండాలి. నిజానికి తెలుగులో ‘వస్తాను’ అన్న మాటకు ఆడామగా తేడా లేదు. ఆ మాటకు చీర కట్టేది మనమే. ముప్ఫై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పిన వనిత కూడా అలాగే కట్టింది.

ఆడపడుచు కూతురు మమతారాణి పెళ్లి. కరీంనగర్ ఇల్లంతా చుట్టాలు. నలుగుపిండిలో పసుపు, నూనె కలుపుతూ వనిత పెళ్లికూతురి పీట ముందు కూర్చుంది. ఆ పాళ్లు ఆమెకే తెలుసని మెచ్చుకుని, పెళ్లయిన నాటి నుంచీ ఆ పని ఆమెకే వదిలేశారు. భర్త రాకేశ్ పొద్దున్నుంచి మూడోసారి వచ్చి చెవి దగ్గర వంగాడు.

“జర గా కాగితం మీద సంతకం పెట్టరాదు? సోమవారం ఆఖరు.”

ఆదిలాబాద్ జూనియర్ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా వచ్చిన పదోన్నతిని వనిత తనంతట తానే వదులుకుంటున్నట్టు రాసిన కాగితం అది. రాసింది రాకేశ్. ‘కుటుంబ కారణాల వల్ల’ అన్న మాటా ఆయనదే. ఇలాంటి కాగితాల మీద ఆమె ఇదివరకు రెండుసార్లు సంతకం చేసింది. మొదటిసారి అత్తగారి మోకాలి ఆపరేషన్, రెండోసారి కొడుకు పదో తరగతి. ఇప్పుడు మోకాలు నడుస్తోంది, కొడుకు పుణెలో ఉద్యోగం చేస్తున్నాడు, రాకేశ్ నిరుడే బ్యాంకు నుంచి రిటైరయ్యాడు. చెప్పుకోదగ్గ కారణాలన్నీ అయిపోయాక అసలుది మొన్న బయటపడింది. “పెండ్లాం కొలువు చేసే ఊరికి మూట సదురుకొని నేను పోవాల్నా? ఇల్లుటం అల్లుడంటరు నన్ను.” ఇల్లుటం అంటే అల్లుడు అత్తగారింటికి కాపురానికి రావడం. ఆ ప్రాంతంలో దాన్ని తిట్టుగానే వాడతారు. రాకేశ్ బదిలీల కోసం వనిత జగిత్యాలకు, మంచిర్యాలకు, మళ్లీ కరీంనగర్‌కు అదే మూట కట్టింది. అప్పుడు ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. భర్త వెంట నడిచిన ఆడదానికి భాషలో తిట్టు లేదు.

“వనితా, మన పాట అందుకో. అర్థం గూడ చెప్పు, పిల్లకు తెల్వాలె,” అంది అత్తగారు కొమురవ్వ.

వనిత పాడింది.

“పొద్దుగాల లేచి సాన్పు జల్లుత
మీ అవ్వ మాటకు ఎదురు జెప్ప
నా రుమాలు నీ గడపల పెడ్త
నీ ఇంటికి ఇల్లాలై వస్త”

అర్థమూ ఎప్పటిలాగే చెప్పింది. వాకిలి ఊడ్చి పేడనీళ్ల సాన్పు చల్లి, అత్తమాట విని, కన్నీళ్లు తుడుచుకున్న చేతిరుమాలు గడపలోనే వదిలి ఇల్లాలు లోపలికి అడుగుపెడుతుంది. ఆడవాళ్లు కొంగులు కళ్లకద్దుకున్నారు. మగపెళ్లివారి పసుపు తీసుకుని బెల్లంపల్లి నుంచి వచ్చిన పెళ్లికొడుకు నాయనమ్మ దేవవ్వ ఒక్కతే కిసుక్కున నవ్వింది.

“ఏందవ్వా, నవ్వుతున్నవు?” అంది వనిత.

“రుమాల్ నెత్తికి ఎవలు చుడ్తరు బిడ్డా? మీ దిక్కు ఆడోళ్లు చుడ్తరా? గది పిల్ల పాట గాదు, పిలగాని పాట. ఇల్లాలై ఏంది! ‘ఇల్లుటమొస్త’ అని గద. బొగ్గుబాయిల పనికి ఏడేడికెల్లో వచ్చిన పోరగాండ్లు, ఇల్లు లేదు, వాకిలి లేదు. పిల్లనియ్యుండ్రని పాడుకుంట వస్తుండిరి. మా ముసలోడు గట్లనే వచ్చిండు.”

“సాన్పు గూడ జల్లిండా?” అని ఎవరో ఎకసక్కెం.

“జల్లిండు. సక్కగ రాకపోతే మా అవ్వ మళ్ల జల్లిపిచ్చింది.”

గది గొల్లుమంది. వనిత నవ్వలేదు. ఒకరు చెప్పినంత మాత్రాన నమ్మే మనిషి కాదు ఆమె. పాటనే పరీక్షకు పెట్టింది. తన బాపు చేతిగుడ్డను దస్తీ అనేవాడు. రుమాలు ఆయన తలకు చుట్టుకునేది. పుట్టింట్లో రోజూ విన్న ఆ మాటను పుస్తకాల తెలుగు వచ్చి కప్పేసింది.

“అత్తమ్మా, మీరు మొదట ఎట్ల పాడుతుంటిరి?”

కొమురవ్వ చూపు తిప్పుకుంది. “గిప్పుడెందుకే గదంత? మా అవ్వ ఇల్లుటమనే పాడుతుండె, నేను గూడ. నువ్వే గద, కొత్తల నోట్‌బుక్కుల రాసుకుంట దిద్దినవు. చదువుకున్నదానివి, నీకే ఎరుకుంటదనుకున్న.”

నిజమే. ఆడది ఇల్లుటం ఎలా వస్తుంది, నోటిలో పుట్టిన తప్పు అనుకుని కొత్తకోడలు ఎర్రసిరాతో ‘ఇల్లాలై’ అని దిద్దింది. పాడేది మగవాడేమోనన్న అనుమానం ఎమ్మే చదివిన బుర్రకు తట్టనే లేదు. వాకిలి ఊడుస్తానని ఒక మగవాడు నోరారా ఒప్పుకున్న పాటలోంచి ఆ మగవాణ్ని గెంటేసి, అతని చీపురు తన చేతిలో తానే పెట్టుకుంది. అంతటితో ఆగిందా? పెళ్లి పెళ్లికీ పీట మీద కూర్చున్న ప్రతి పిల్లకూ అర్థమని చెప్పి అదే చీపురు అందించింది. వనితకు ఒళ్లు మండిపోయింది. అందరికన్నా ముందు తన మీద మండింది.

“మమతా, నేను చెప్పింది తప్పు. మళ్ల చెప్త, విను.”

ఈసారి ‘ఇల్లుటమొస్త’ అని పాడింది. సాన్పు చల్లుతానన్నది పిలగాడు. అత్తమాటకు ఎదురు చెప్పనన్నదీ, నెత్తి మీది రుమాలు తీసి పిల్ల గడపలో పెట్టిందీ అతనే అని ఒక్కొక్క చరణం విప్పింది.

“అత్తమ్మా, గిదంత ఫోన్ల ఎక్కియ్యి. పిలగానికి పంపుత,” అంటూ మమతారాణి తన ఫోన్ వనిత ముందు పెట్టింది.

గుమ్మంలో రాకేశ్ మొహం ఎర్రబడింది. వనితను పక్కగదిలోకి పిలిచాడు.

“నలుగురిల నా ఇజ్జత్ తీస్తున్నవా? గదంత నన్ను ఉద్దేశించే కద?”

“పాటల ఉన్నది చెప్పిన.”

“సరే, చెప్పినవు. ఇగ సంతకం పెట్టు.”

పసుపు చేతులతోనే ఆమె కాగితం అందుకుని మొదటినుంచి చివరిదాకా చదివింది.

“కారణం తప్పు రాసిండ్రు. ‘నా మొగణ్ని ఇల్లుటం అల్లుడంటరని’ అని రాయుండ్రి. పెడ్త.”

రాకేశ్ రాయలేదు.

పెళ్లయ్యాక, సోమవారం ఉదయం పదిన్నరకు వనిత ఆదిలాబాద్ కళాశాలలో ప్రిన్సిపాల్‌గా చేరింది. రాకేశ్ కరీంనగర్‌లోనే ఉన్నాడు.