ఫెర్మిన్ వంతు

మా పడవ సరంగు ఎలిహియో ఇంజిన్ ఆపి లంగరు వేయించాడు. "ముందుకు పోతే ఇసుకలో కూర్చుంటాం. వెనక్కి పోదాం," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఈ ఏడాది పరాగ్వే నదిలో నీళ్ళు లేవని చేపలకి కూడా తెలుసు. కానీ డెక్కు మీద నా టమాటాలు అప్పుడే మెత్తబడుతున్నాయి. ఎగువ ఊళ్ళవాళ్ళకి పిండి కావాలన్నా ఉల్లిపాయ కావాలన్నా మా పడవే దిక్కు.

ఎదుటి ఒడ్డున ఫెర్మిన్ టగ్గు, అది నెట్టే ఇనుపరాయి బార్జీలతో సహా కట్టేసి ఉంది. ముందున్న ఇసుక మేట దాటి నిన్ననే దిగువకి వచ్చాడు. లోతు ఎటు జరిగిందో అతనికే తెలుసు. ఎగువకి పోయేవాడు దిగువకి వచ్చేవాణ్ణి దారి అడగడం ఈ నది మీద మామూలే. రేడియోలో ఒక్క మాటతో పోయేది. కానీ ఫెర్మిన్ ఎలిహియోకి సొంత బావమరిది. పోయినేడు బాప్తిస్మం విందులో, "నీ చేతికి టగ్గెందుకురా, ఎద్దుబండి చాలు," అని ఎలిహియో అందరి ముందూ అన్నాడు. అప్పటినుంచి మాటల్లేవు.

"అడుగు," అన్నాను.

"చస్తే అడగను, సెఫెరీనక్కా."

"నువ్వు చావక్కర్లేదు, నా టమాటాలు చస్తున్నాయి."

కొమ్ము కప్పులో తెరెరే ఆకు నింపి, దాని మీద పోసుకుని వంతులవారీగా తాగే ఐసునీళ్ళ కూజా పట్టుకుని, చిన్న పడవలో ఫెర్మిన్ దగ్గరికి పోయాను. కప్పులో నీళ్ళు పోసిచ్చి సంగతి చెప్పాను. అతను గొట్టంతో పీల్చి తాగి కప్పు తిరిగిచ్చాడు.

"ఆ నోటితోనే వచ్చి అడగమనక్కా."

అంతేగానీ గ్రాసియాస్, అంటే థాంక్స్, అనలేదు. తెరెరే ఇక చాలనుకున్నవాడే ఆ మాట అంటాడు, అన్నాక మళ్ళీ వంతు రాదు. అనలేదంటే ఇంకా కూర్చునే ఉన్నాడన్నమాట. నాకు ప్రాణం లేచొచ్చింది.

తిరిగొచ్చి ఎలిహియో చేతిలో కూజా పెట్టాను. "పద. నాకు చెయ్యి నొప్పి, కప్పులో నీళ్ళు నువ్వు పొయ్యాలి."

"నేనా? వాడికా?"

"వాడి వంతు ఇంకా ఉంది. మధ్యలో ఎగ్గొడతావా?"

అది ఎంత తప్పో పసిపిల్లలకీ తెలుసు. గొణుక్కుంటూ వచ్చాడు.

ఎలిహియో పోశాడు, ఫెర్మిన్ తాగాడు. తర్వాత నేను. తర్వాత ఎలిహియో. మళ్ళీ ఫెర్మిన్. దారి మాట ఎవరూ ఎత్తరు, ఎవరూ గ్రాసియాస్ అనరు. ఐసు కరిగిపోయింది, కూజా అడుగంటింది. ఇద్దరినీ పట్టుకుని నదిలో ముంచాలనిపించింది.

ఆఖరి కప్పు అందిస్తూ, తల ఎత్తకుండా ఎలిహియో అడిగాడు: "ఎద్దుబండి ఏ దారిన వచ్చిందిరా?"

ఫెర్మిన్‌కి నవ్వాగలేదు, తెరెరే ముక్కులోకి పోయింది. దగ్గుతూనే చెప్పాడు: "ఒరిగిన చెట్టు దాకా ఎడమ ఒడ్డు పట్టుకో, బావా. అక్కణ్ణుంచి కుడికి తిప్పు. నోరు జారినట్టు జారకు, మెల్లగా పో."

మెల్లగానే పోయాం. ఒకచోట పడవ అడుగు ఇసుకకి రాసుకుంది. తర్వాత నీళ్ళు నల్లగా, లోతుగా మారాయి. వెనకనుంచి టగ్గు హారన్ మోగింది.

ఎలిహియో కళ్ళు తుడుచుకుని బదులు హారన్ కొట్టాడు.

"అక్కా, తిరిగి దిగువకి వచ్చేటప్పుడు ఐసు ఎక్కువ తీసుకో," అన్నాడు. "వాడింకా గ్రాసియాస్ అనలేదు."