పారబోయాల్సిన నీళ్ళు

ఆడపిల్లల హాస్టల్లో ముప్పై ఏళ్ళు వంట చేసిన మనిషి ఆవిడ. అక్కడి పిల్లలు ఆవిడకు ‘చుక్క పెద్దమ్మ’ అని పేరు పెట్టారు. ఆవిడ వంటింట్లో ఒక్క చుక్క కూడా తూములోకి పోయేది కాదు మరి. కూరగాయలు ఉడికిన నీళ్ళతో పిండి తడిపేది. గింజలు ఉడికిన నీళ్ళు మర్నాటి కూరలో పోసేది. ఎముకలు ఉడికిన నీళ్ళు వడగట్టి, జ్వరం వచ్చిన పిల్లకు వేడివేడిగా పట్టించేది. “వండిందాన్ని చూసి కాదే, పారబోసిందాన్ని చూసి చెప్పాలి వంట వచ్చో రాదో” అనేది.

పని మానేశాక కొడుకు దగ్గరికి వచ్చింది. కొడుకు వాచీలు బాగుచేస్తాడు. ఏడాది కిందట మూత్రపిండాలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు ఆసుపత్రికి వెళ్ళి మిషన్ మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి. ఆ సంగతులన్నీ కోడలే చూసుకుంటుంది. బట్టల దుకాణంలో పనికి వెళ్ళేలోపే మొగుడికి కూర వండి పెట్టి వెళ్తుంది.

ఆ వంట చూసి అత్తగారికి కడుపు తరుక్కుపోయింది. కోడలు బంగాళాదుంపల్ని చిన్న ముక్కలుగా తరిగి, గిన్నెడు నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళన్నీ తూములో పోసేది. మళ్ళీ కొత్త నీళ్ళు పోసి ఉడికించి, అవీ పారబోసేది. క్యారెట్ అయినా అంతే, ఆకుకూర అయినా అంతే.

“సారమంతా పోతోంది కదే అమ్మాయ్!” అంది ఒకరోజు ఉండబట్టలేక.

“డాక్టర్ అలాగే వండమన్నారు అత్తయ్యా” అని కోడలు చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. ఎందుకలా వండాలో ఆమె చెప్పలేదు, ఈవిడా అడగలేదు.

కొడుకు చూస్తే చిక్కి శల్యమయ్యాడు. పిప్పి తింటే ఒళ్ళెలా వస్తుందనుకుంది తల్లి. మర్నాడు కూరగాయలు తరిగి ఉడికించే పని తాను చేస్తానంది. కోడలు సంతోషంగా ఒప్పుకుంది. ఆవిడ ఆ నీళ్ళను సీసాలకెత్తి, ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె వెనక పెట్టేది. మధ్యాహ్నం వాటిని సగానికి మరిగించి, చిక్కబడ్డాక అందులోనే కొడుక్కి అన్నం వండేది.

“నువ్వు వండితే అన్నం కూడా రుచేనమ్మా” అనేవాడు కొడుకు. ఆ ఒక్క మాటతో ఆవిడ కడుపు నిండిపోయేది.

పదో రోజు పొద్దున కుర్చీలోంచి లేవబోయి కొడుకు మళ్ళీ కూలబడ్డాడు.

“కాళ్ళు నావి కానట్టున్నాయి” అన్నాడు. పెదాలు పాలిపోయాయి. గుండె ఆగి ఆగి కొట్టుకుంటోందన్నాడు. కోడలు అంబులెన్స్‌కి ఫోన్ చేసింది. తల్లి నిన్న మిగిలిన అన్నం క్యారేజీలో సర్దుకుంది. ఆసుపత్రిలో ఎంతసేపవుతుందో, బిడ్డ ఆకలితో ఉంటాడేమోనని.

ఆసుపత్రిలో కొడుకును లోపలికి తోసుకెళ్ళారు. తలుపు మూసుకుంది. తలుపులోని అద్దంలోంచి, అతని ఛాతీ మీద అంటించిన తీగలు, వాటి పక్కన తెర మీద వంకరటింకరగా పాకుతున్న గీత కనిపించాయి. ఆ గీత ఎక్కడ ఆగిపోతుందోనని ఆవిడ రెప్ప వెయ్యకుండా చూసింది.

నర్సు బయటికి వచ్చింది. “రక్తంలో పొటాషియం విపరీతంగా పెరిగింది. గుండె ఆగిపోయేదే. ఏం పెట్టారు? పళ్ళరసం ఇచ్చారా?”

“ఏమీ లేదు సిస్టర్” అంది కోడలు ఏడుస్తూ. “కూరలన్నీ రెండుసార్లు ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తున్నాం.”

“మరి ఎలా పెరిగింది?”

“ఆ నీళ్ళు ఎందుకమ్మా పారబోయడం?” అని అడిగింది అత్తగారు.

“కూరగాయల్లో ఉన్న పొటాషియం ఆ నీళ్ళలోకి దిగిపోతుంది పెద్దమ్మా. మనకి మంచిదే. ఆయనకి మాత్రం విషం. ఒంట్లోంచి బయటికి పోయే దారి లేదు కదా.”

నర్సు లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ గోడకు ఆనుకుంది. తొమ్మిది రోజులు. మరిగించి, చిక్కబరిచి, కొసరి కొసరి వడ్డించింది. చేజేతులా.

చెప్పాలి. చెబితే? కన్నకొడుక్కి విషం పెట్టిన తల్లి అంటారు. కోడలు నా మొహం చూస్తుందా? ఇంట్లో ఉండనిస్తుందా? డాక్టర్ వచ్చి మిషన్ మీద పెట్టామన్నాడు. అప్పుడూ చెప్పలేకపోయింది. నేనే కారణమని ఎవరికి తెలుసు, ఇకమీదట మానేస్తే సరిపోతుంది కదా అని ఒక ఆలోచన పాములా తల ఎత్తింది. దానికి ఆవిడకు కొడుకు జబ్బు కంటే ఎక్కువ భయం వేసింది.

నాలుగు గంటలు గడిచాక తెర మీద గీత కుదుటపడింది. ఇద్దర్నీ లోపలికి పిలిచి, ఏమైనా తినిపించవచ్చన్నారు.

“పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు” అంటూ కోడలు క్యారేజీ మూత తీసింది. చెంచాతో అన్నం తీసుకుని మొగుడి నోటి దగ్గరికి తీసుకెళ్ళింది. కొడుకు నోరు తెరిచాడు.

“వద్దే!” అంటూ ఆవిడ కోడలి చెయ్యి విసురుగా తోసింది. చెంచా ఎగిరిపడింది. దుప్పటి నిండా మెతుకులు.

“అత్తయ్యా!”

“అది తినకూడదు. ఆ నీళ్ళతోనే వండాను. పారబొయ్యలేదే. సీసాల్లో దాచి, రోజూ వాడికి అన్నం వండాను.”

కోడలు క్యారేజీకి మూత పెట్టింది.

“ఎన్నాళ్ళ నుంచి?” అంది కోడలు.

“తొమ్మిది రోజులు.”

“నన్నొక్క మాట అడగలేకపోయారా?”

“అడిగితే వద్దంటావని...”

కోడలు క్యారేజీ తీసుకుని విసవిసా బయటికి వెళ్ళిపోయింది. దాన్ని బుట్టలో బోర్లించిన చప్పుడు వరండాలోంచి వినిపించింది. చాలాసేపు తిరిగి రాలేదు.

కొడుకు తల్లి వైపు తిరిగాడు. “అమ్మా, చుక్క చుక్కా కూడబెట్టి నన్నే ముంచబోయావు కదే” అని నవ్వబోయాడు. ఆవిడ నవ్వలేదు. వాడి పాదాలు పట్టుకుంది. చల్లగా ఉన్నాయి. వెచ్చబడేదాకా వదల్లేదు.

నర్సు వచ్చి ఆవిడ చెప్పిందంతా రాసుకుంది. “చెప్పి మంచిపని చేశారు. లేకపోతే మందుల్లో ఏదో లోపముందనుకుని పంపించేసేవాళ్ళం. ఇంటికెళ్ళి మళ్ళీ అదే అన్నం తినేవాడు.”

ఆవిడ దుప్పటి మీది మెతుకులు ఒక్కటీ వదలకుండా ఏరి బుట్టలో వేసింది.

కోడలు సాయంత్రానికి గానీ రాలేదు. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. చేతిలో డాక్టర్ ఇచ్చిన ఆహార పట్టిక కాగితం ఉంది. అత్తగారికి చదువు రాదు. కోడలు పక్కన కూర్చుంది, మొహం మాత్రం ఇటు తిప్పలేదు.

“ఇది నేను ముందే మీకు చదివి వినిపించాల్సింది” అంది. తర్వాత ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టింది. ఏది పెట్టాలి, ఏది పెట్టకూడదు, ఎందుకు పెట్టకూడదు.

అయిపోయింది. ఆవిడ కొంగు గట్టిగా పట్టుకుని, “ఇంకోసారి చదువమ్మా” అంది. “ఇందులో లేనివి ఇంకేమైనా ఉంటే అవీ చెప్పు. నాకు తెలియనివి ఇంకెన్ని ఉన్నాయో.”

కోడలు మళ్ళీ మొదటి నుంచి చదివింది.