అమ్మేవాళ్ల మనిషి

అమ్మకానికున్న ఆ రేవు వీధి ఇంటి వంటగదిలోకి వరద నీరు ఎన్నడూ రాలేదని ఏజెంటు గ్రాంట్ మలూనీ ప్రకటించినప్పుడు మెర్విన్ హార్డేకర్ కిటికీ వైపు చూశాడు. గడచిన పెద్ద వరదలో ఆ కిటికీ పక్కనే తన రేకు పడవను ఆపి, లోపల గట్టు మీద ముడుచుకుని కూర్చున్న ముసలాయనను, ఆయన ఒళ్లోని పిల్లిని ఎక్కించుకున్నది మెర్వినే. పిల్లి గీరిన గాటు ముంజేతి మీద ఇంకా తెల్లగా కనబడుతూనే ఉంది.

"ఒక్క చుక్క కూడా రాలేదా?" అన్నాడు.

"ఒక్క చుక్క కూడా లేదు సార్. పెరడు చివర కాస్త తడిసిందంతే. ఈ వీధంటే నదికి భయం అంటారు ఇక్కడివాళ్లు."

"ఇక్కడివాణ్ణే కదా గ్రాంట్ నేను. ఆ మాట ఎవరూ అనగా వినలేదే."

"మీరు ఎప్పుడూ పుస్తకాల్లో ఉంటారు కదా సార్!" అని గ్రాంట్ హాయిగా నవ్వాడు.

మెర్విన్ మేరీబరో ఉన్నత పాఠశాలలో సైన్సు బోధించి రిటైరైన మనిషి. ఊళ్లో ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంట్లలో సగం మంది ఆయన వద్ద చదువుకున్నవారే. గ్రాంట్ అయితే ఒకసారి ప్రయోగం చేయకుండానే ప్రయోగ ఫలితాలు రాసిచ్చిన విద్యార్థి. ఆ ఫలితాలు మరీ నిర్దోషంగా ఉండడం వల్లనే దొరికిపోయాడు. ఇన్నేళ్లలోనూ అతని పద్ధతి మారలేదని మెర్విన్‌కు ఇప్పుడు తేలింది.

బయటికొచ్చి కారెక్కగానే భార్య కోరలీ అడిగింది. "మళ్లీ పెట్టావా పరీక్ష?"

"పెట్టాను. తప్పాడు."

"పాపం వాడు అప్పుడూ తప్పాడు, ఇప్పుడూ తప్పాడు. నువ్వు మాత్రం ఇంకా మార్కులు వేస్తూనే ఉన్నావు. మనకి ఇల్లు ఎప్పుడు దొరుకుతుంది మెర్వ్?"

అసలు కష్టం ఆ ప్రశ్నలోనే ఉంది. వారి ఇల్లు ఆ ఊరి పాత ఇళ్లన్నిటిలాగే ఎత్తయిన కొయ్య స్తంభాల మీద నిలబడి ఉంటుంది. నదిని ఎరిగిన పెద్దలు అలా కట్టారు. నీరు కిందినుంచి పోతుంది, మనుషులు పైన పడుకుంటారు. కానీ కోరలీ మోకాళ్లు అరిగిపోయాయి. చలికాలం మొదలైన దగ్గరనుంచి ఆమె తన కూరగాయల మడులను వరండా కమ్మీ పట్టుకుని పైనుంచి చూడడమే గాని ఒంటరిగా దిగింది లేదు; ఇళ్లు చూడబోయేటప్పుడు మెర్వినే చెయ్యి పట్టుకుని దింపేవాడు. కిందటి నెల ఆయన లేనప్పుడు ఒక్కతే డాక్టరు దగ్గరికి బయలుదేరి, మెట్ల మధ్యలో కూలబడి, పైకీ రాలేక కిందికీ పోలేక పొరుగువాళ్లను కేకవేసింది. మెట్లు లేని ఇల్లు కావాలి. మెట్లు లేని ఇళ్లేమో చాలా మటుకు నది అందుకోగలిగిన చోటనే ఉన్నాయి. తడవని, మెట్లు లేని ఇంటిని చూపించి, అది తడవదని నిజం చెప్పే మనిషి కావాలి. నిజం చెబుతున్నాడని తెలుసుకోవడం ఎలా?

మెర్విన్ దీనికి తనకు తెలిసిన మార్గమే ఎన్నుకున్నాడు. కొత్త తూకంరాయిని నమ్మాలంటే ముందుగా తెలిసిన బరువుతో సరిచూడాలి. అందుచేత ప్రతి ఏజెంటునూ తనకు జవాబు తెలిసిన ప్రశ్న ఒకటి అడిగేవాడు. తెలిసిన దాని దగ్గర అబద్ధమాడినవాడిని తెలియని దాని దగ్గర నమ్మనక్కరలేదు. ఈ పద్ధతిలో లోపమేమీ లేదు. ఎవరూ నెగ్గకపోవడమే దానితో వచ్చిన చిక్కు.

షాన్ అనే కుర్రవాడు రేవు దగ్గరి ఇంకో ఇల్లు చూపిస్తూ, "వరదా? గురూ, ఆ వరద వందేళ్లకోసారి వచ్చేది. వచ్చి వెళ్లిపోయిందిగా, ఇంక మీ మనవల కాలానికే!" అన్నాడు. సంభావ్యత గురించి మెర్విన్ అతనికి అక్కడే, ఆ గేటు దగ్గరే, పాఠం మొదలుపెట్టాడు. కోరలీ హారన్ నొక్కవలసి వచ్చింది.

ఆ తరువాత, కొనేవాళ్ల తరఫున మాత్రమే పనిచేస్తానని చెప్పుకునే పెద్దమనిషి ఒకడు బ్రిస్బేన్‌నుంచి ఫోనులో దొరికాడు. కొనేవాళ్ల దగ్గర రుసుము తీసుకుంటాడు కాబట్టి కొనేవాళ్లకే నిజం చెబుతాడని మెర్విన్ ఆశపడ్డాడు. అతను ఊరు చూడకుండానే ఒక కొత్త కాలనీని సిఫార్సు చేశాడు. మరునాడు అదే కాలనీ కట్టినవారి ప్రకటనలో అతని ఫోటో కనిపించింది.

"వీళ్లందరికీ కలిపి ఒక్క నాలుకైనా సరైనది ఇవ్వలేదు ప్రకృతి!" అని మెర్విన్ పత్రికను బల్ల మీద కొట్టాడు.

"ప్రకృతిని ఎందుకు తిడతావు? నువ్వే కదా అదెవరి మాటా వినదని చెప్పేది," అంది కోరలీ.

ఇలా తిరుగుతుండగా ఒక శనివారం నదికి అవతలి మిట్ట మీద, మెట్లు లేని ఒంటి అంతస్తు ఇటుక ఇంటి వాకిట ఏజెంటు ఆండ్రియా ష్మిట్ కనిపించింది. అమ్మకానికున్న అన్ని ఇళ్లలాగే ఆ ఇంటినీ చూసేవాళ్ల కోసం అరగంట సేపు తెరిచారు. కొనేవాళ్లకన్నా ఇరుగుపొరుగు వాళ్లే ఎక్కువగా వచ్చి, చెప్పులు బయట విప్పి, పక్కింటివాళ్ల అలమరలు ఎలా ఉంటాయో చూసిపోతున్నారు. ఆండ్రియా నడివయసు మనిషి, బండబర్గ్ నుంచి వచ్చి ఇక్కడ కుదురుకుంది. కోరలీ వంటింట్లో కుర్చీ చూసుకుని కూర్చోగానే, మెర్విన్ వాకిట్లోనే తన ప్రశ్న వేశాడు. రేవు వీధిలో గ్రాంట్ అమ్ముతున్న ఆ ఇంట్లోకి నీళ్లు వచ్చాయా?

"నాకు తెలీదు సార్. ఆ ఏడు నేనిక్కడ లేను. ఊహించి చెప్పనా?"

"వద్దు."

"మంచిది. ఎదురింటివాళ్లని అడగండి. వాళ్లు కొనట్లేదు, అమ్మట్లేదు."

మెర్విన్ కనుబొమలు పైకి లేచాయి. అయితే ఒక్క కొలతతో తృప్తిపడే మనిషి కాదు. "మరి ఈ ఇంట్లోకి?"

"ఇంట్లోకి రాలేదు, ఇంటివాళ్లనీ పక్కవాళ్లనీ అడిగే చెబుతున్నా. వాలు కింద ఉన్న కారు షెడ్డులోకి వచ్చాయి, మోకాలి లోతు. వంతెన మునిగి, ఇక్కడివాళ్లు ఊళ్లోకి వెళ్లలేకపోయారు. పాలూ రొట్టే హెలికాప్టర్‌లో వేశారు. వెనక చూరు కారుతుంది, పెద్ద వాన వస్తే చూడాలి. ఇంకేం అడుగుతారు?"

ఇన్ని నెలలుగా వినని భాష అది. మెర్విన్‌కు ముచ్చటేసింది. దాన్ని కప్పిపుచ్చుకుంటూ, "ఇలా చెబితే నువ్వు ఇళ్లు ఎలా అమ్ముతావమ్మా?" అన్నాడు.

"నెమ్మదిగా. కానీ సార్, ఒకటి గుర్తుంచుకోండి. ఇల్లు గురించి అడిగితే అబద్ధం చెప్పను. అంతమాత్రాన నేను మీ మనిషిని కాను, అమ్మేవాళ్ల మనిషిని. మీరు ఎంత ఇవ్వగలరో మాత్రం నా ముందు నోరు జారకండి. నేను వింటే వాళ్లు విన్నట్టే."

ఈ మాటతో మెర్విన్ పూర్తిగా పడిపోయాడు. తనను నమ్మవద్దని హెచ్చరించే ఏజెంటు! ఆయన పరమానందంతో జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి, వెనక చూరు చెక్కలు పొడిచి చూడడానికి వెళ్లాడు. చెప్పిన చోటే, చెప్పినంతే పుచ్చి ఉంది. ఒక లోపం ఒక మనిషికి ఇంత సంతోషం కలిగించడం అరుదు.

తిరిగి వచ్చేసరికి వంటింట్లో కోరలీ చేతిలో టీ కప్పు ఉంది, ఎదురుగా ఆండ్రియా ఒక చెయ్యి పైకెత్తి నిలబడి ఉంది. వద్దు వద్దు అన్నట్టున్న ఆ చేతిని కోరలీ గమనించలేదు. ఆమె మంచి ఊపులో ఉంది.

"...మా పాతిల్లు అమ్ముడయ్యేదాకా బ్యాంకువాళ్లు సర్దుతామన్నారు లెండి. కాబట్టి మీరు అడిగే దానికి ఇంకో ముప్పై వేలు పైన వేసినా మాకు ఫర్వాలేదు. మెర్వ్ బేరమాడతాడు, ఆడనివ్వండి. అతనికదో సరదా. కానీ నాకీ ఇల్లు కావాలి."

మెర్విన్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"కోరలీ గారూ," అంది ఆండ్రియా, చెయ్యి దించుతూ. "ఆపుదామనే చూశాను."

"ఎందుకాపడం?"

"ఎందుకా!" అన్నాడు మెర్విన్. "ఆమె అమ్మేవాళ్ల మనిషి! ఇప్పుడే నన్ను వాకిట్లో నిలబెట్టి మరీ చెప్పింది!"

"నాకు చెప్పలేదుగా! నాకు టీ ఇచ్చింది. ఎవరైనా టీ ఇస్తే గోడకేసి చూస్తూ తాగుతారా?"

ఆ ఊళ్లో టీ ఇచ్చినవాళ్లతో మనసు విప్పి మాట్లాడకపోవడం అమర్యాద. మాట్లాడడం ఎంత ఖరీదో ఈ మర్యాద పుట్టినప్పుడు ఎవరూ లెక్కవేసి ఉండరు.

మెర్విన్ ఆండ్రియాను వరండాలోకి తీసుకువెళ్లి, గొంతు తగ్గించి అన్నాడు. "చూడమ్మా. ముసలావిడ, మోకాళ్ల బాధ. ఏదో అంది. ఆ మాట నీ దగ్గరే ఉండిపోతే ఎవరికి తెలుస్తుంది?"

ఆండ్రియా ఆయన ముఖంలోకి నిదానంగా చూసింది. "వచ్చిన దగ్గర్నించీ మీరు నన్ను పరీక్షిస్తున్నారని నాకు తెలుసు సార్. ఇది కూడా పరీక్షేనా?"

మెర్విన్ స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్నాడు. పరీక్షే అని అంటే అది అబద్ధం. కాదు అంటే తాను ఏం కోరుతున్నాడో తనకే వినిపిస్తుంది.

"సాయంత్రం వాళ్లకి చెప్తాను," అంది ఆండ్రియా. "చెప్పకపోతే, షెడ్డులోకి నీళ్లొచ్చాయని మీకు చెప్పిన మనిషిని కాకుండా పోతాను."

దారి పొడుగునా మెర్విన్ స్టీరింగుతోనే వాదించాడు. నిజాయితీ ఉన్న మనిషి కోసం ఊరంతా గాలించడమేమిటి, దొరికాక ఆ నిజాయితీ అవతలివాళ్ల సొత్తు అని తేలడమేమిటి! అయినా తగ్గించిన ధరే చెప్పి పంపాడు; నాలుగు రోజుల తరువాత జవాబు వచ్చింది. ఆయన తగ్గించి చెప్పిన ధర అమ్మేవాళ్లకు సమ్మతం కాదు. కోరలీ నోటినుంచి వచ్చిన మొత్తం మాత్రం ఒక్క డాలరు అటూ ఇటూ కాకుండా వారికి సమ్మతమే.

"వద్దు," అన్నాడు మెర్విన్. "ఆ ఇల్లు వద్దు. మనల్ని నిలువునా ఒలిచేస్తున్నారు."

ఆ మధ్యాహ్నమే గ్రాంట్ ఫోను చేశాడు. చిన్న ఊరు, కబురు అతనికీ చేరింది. "విన్నాను సార్, అన్యాయం! నేనైతే మీ మాట వాళ్లదాకా పోనిచ్చేవాణ్ణే కాదు. ఆ రేవు వీధి ఇల్లు ఇంకా ఉంది. మీకోసం కాస్త తగ్గిస్తారు కూడా."

"గ్రాంట్, ఆ కిటికీ పక్కన పడవ ఆపింది నేనురా."

"ఏ కిటికీ సార్?"

"నువ్వు నా సంగతి వాళ్లకీ చెప్పవు, వాళ్ల సంగతి నాకూ చెప్పవు. నీతో అందరికీ సుఖమే. నది వచ్చేదాకా."

ఫోను పెట్టేసి చూసేసరికి కోరలీ కుర్చీలో లేదు. మెట్ల మీద ఉంది. కమ్మీని రెండు చేతులా పట్టుకుని, పక్కవాటుగా, ఒక్కో మెట్టుకు రెండు కాళ్లూ ఆనించుకుంటూ దిగుతోంది.

"ఎక్కడికే? పిలిస్తే రానా?"

"మడుల్లో చిక్కుడు ఎండిపోతోంది. పైనుంచి చూస్తూ కూర్చోలేను." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "నువ్వు బేరంలో ఓడిపోయావు మెర్వ్, ఒప్పుకుంటాను, నావల్లే. కానీ ఆ ఇంట్లోకి నీళ్లు రావని నీకు తెలుసా, తెలీదా?"

"...తెలుసు."

"ఎలా తెలుసు?"

ఆయన దిగి వెళ్లి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. ఆ వారమే సంతకాలు పెట్టారు. పెట్టేముందు, ఇంటి దిట్టతనం చూసి చెప్పడానికి ఎవరిని పిలవమంటావని మెర్విన్ ఆండ్రియాను అడిగాడు. "నన్ను అడక్కండి సార్, అమ్మేవాళ్ల మనిషిని అన్నానా!" అని ఆమె కసిరింది. మెర్విన్ తిట్టుకుంటూనే హెర్వీ బే నుంచి తన డబ్బుతో ఒకణ్ణి పిలిపించాడు. అతనికి కారే చూరు తప్ప కొత్తగా ఏమీ దొరకలేదు.

ఇక పాత ఇంటిని అమ్మి బ్యాంకుకు కట్టాలి. దానికి ఎవరిని పెట్టాలన్న విషయంలో మెర్విన్ ఏ పరీక్షా పెట్టలేదు. ఈసారి ఆ నిజాయితీ తమ వైపు ఉంటుంది కదా అని ఎంతో తెలివిగా ఆలోచించాననుకుని, ఆండ్రియాకే కబురుపెట్టాడు.

ఆమె వచ్చి, మెట్లెక్కి, వరండాలో కూర్చుని, టీ అందుకుని, మొదటి ప్రశ్న అడిగింది. "ఈ ఇంట్లో లోపాలేమున్నాయి సార్?"

"లోపాలా? పెద్దగా ఏమీ లేవు. పాత ఇల్లు, దిట్టమైన ఇల్లు."

"వెనక వైపు కొయ్య స్తంభానికి చెదలు," అంది కోరలీ కుర్చీలోంచి. "రంగు వేసి కప్పాడు."

"కోరలీ!"

"టీ తాగుతోంది కదా, మాట్లాడకపోతే ఏం బాగుంటుంది?"

ఆండ్రియా కప్పు కింద పెట్టింది. మెర్విన్ పైకప్పు వైపు చూశాడు, అక్కడినుంచి ఏ సాయమూ రాదని ఎప్పటినుంచో ఎరిగినవాడైనా.

"అది కొనేవాళ్లకి చెప్పాలా?" అన్నాడు చివరికి.

"అడిగితే అబద్ధం చెప్పలేను. అడక్కముందే చెప్తే ఇంకా మంచిది. ముందు బాగుచేయిస్తారా, లేకపోతే ధర తగ్గిస్తారా?"

"నువ్విప్పుడు ఎవరి మనిషివమ్మా?"

"మీ మనిషినే సార్," అంది ఆండ్రియా, లేచి చెప్పులు వేసుకుంటూ. "పదండి, ఆ స్తంభమేదో చూపించండి."

మెర్విన్ గొణుక్కుంటూ స్క్రూడ్రైవర్ కోసం లోపలికి వెళ్లాడు.